నోరు మూసుకున్న నలభై రోజులు

ఇరవై ఏడేళ్ల వయసు దాకా నేను దేవుని తరఫు వకీలునని నమ్మాను. ఆయన నన్ను నియమించుకున్నట్టు కాగితమేదీ లేదు. నా అంతట నేనే నల్లకోటు తొడుక్కుని నిలబడ్డాను.

కడపలో చదువుకునే రోజుల్లో నాకు వాదన అలవాటైంది. అప్పట్లో అక్కడ వారానికో చర్చ జరిగేది. వితంతు వివాహం, కులం, ముహూర్తాలు, మొక్కుబడులు, దయ్యాలు, ఏదైనా సరే. ఇద్దరు లేచి నిలబడితే వినడానికి వందమంది చేరేవారు. మాది తాత కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. మా నాన్న పల్లెపల్లె తిరిగే ఉపదేశి. అయినా ఊరికే నమ్మడం నాకు చేతకాలేదు. తాత నమ్మాడు గనక నేనూ నమ్ముతాననడం, తాత కళ్లద్దాలు పెట్టుకుని చదువుతాననడం లాంటిదే. అందుకే నా విశ్వాసాన్ని నేనే బోనెక్కించాను. రెండేళ్లు అడ్డప్రశ్నలు వేశాను. చివరికి నిలబడిందని తేల్చుకుని, ఇక దాన్ని కాపాడే పూచీ నాదేననుకున్నాను.

చదువయ్యాక ఆలూరుకు దగ్గరలోని ఒక పల్లెలో మిషను బడికి పంతులుగా వెళ్లాను. నా భార్య కూడా అదే బడిలో టీచరు. పగలు పాఠాలు, సాయంత్రం ఉపన్యాసాలు, ఆదివారం ప్రసంగం. సంతలో తాయెత్తులమ్మేవాణ్ణి ఆపి వాదించేవాణ్ణి. బస్సులో పక్కన కూర్చున్న జ్యోతిష్కుణ్ణి దిగే దాకా వదిలేవాణ్ణి కాదు. దేవుడు లేడనేవాడు దొరికితే ఆ రోజు నాకు పండగే.

అలాంటివాడు ఒకడు పక్క ఊళ్లోనే ఉండేవాడు. కడపలో నాతోపాటు చదివిన రెడ్డిగారబ్బాయి. నూరెకరాల నల్లరేగడి, రెండు జతల ఎద్దులు, ఒక మోటారుసైకిలు, దేవుడు లేడన్న గట్టి నమ్మకం అతని ఆస్తి. మేమిద్దరం ఒకరినొకరు తిట్టుకోకుండా వారం గడిపేవాళ్లం కాదు. ఆ ఏడు మా ఇద్దరికీ డోన్‌లో బహిరంగ చర్చ ఏర్పాటైంది. ఒక నూనెమిల్లు ఆవరణలో, ఈస్టరు వెళ్లిన నెలకు. విషయం ‘దేవుడు ఉన్నాడా?’ అది ఏర్పాటైన పది రోజులకు నా గొంతు పోయింది.

మొదట బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగి మరింత గట్టిగా మాట్లాడాను. తర్వాత మధ్యమధ్య మాట తెగిపోవడం మొదలైంది. చివరికి ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో నోరు ఆడుతూనే ఉంది గాని శబ్దం రాలేదు. ముందు వరుసలో ముసలివాళ్లు తమకే చెవుడు వచ్చిందనుకుని చెవుల్లో వేళ్లు పెట్టి తిప్పుకున్నారు.

కర్నూలు అప్పుడు కొత్త రాజధాని. ఊరినిండా డేరాలు, డేరాల్లో సర్కారు కచేరీలు, కచేరీల్లో దుమ్ము. ఆ దుమ్ములోంచి వెతుక్కుంటూ ఒక గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ముస్లిం, పెద్దవాడు. నుదుటికి అద్దం కట్టుకుని నా నోట్లోకి చాలాసేపు చూశాడు.

“ఏం పని చేస్తాండావు?”

“బడిపంతులు,” అని నా భార్య చెప్పింది.

“బడిపంతుళ్లను శానామందిని చూసినా. ఇది పాఠాలు చెప్పిన గొంతు కాదమ్మా. ఇంకేం చేస్తాడు?”

“ఉపన్యాసాలు చెప్తాడు. వాదిస్తాడు.”

“అట్ల చెప్పు.” ఆయన అద్దం తీసి బల్లమీద పెట్టాడు. “గొంతులో కాయలు కాసినాయి. నలభై దినాలు మాట వద్దు. గుసగుస అసలే వద్దు, అది ఇంకా చెడ్డది. పాడొద్దు, అరవొద్దు, నవ్వినా చప్పుడు కాకుండా నవ్వాల.”

నేను రెండు చేతులూ జోడించి, కళ్లు మూసి, ప్రార్థన సంగతేమిటని సైగ చేశాను.

“మనసులో చేసుకో. మీ దేవునికైనా మా దేవునికైనా చెవుడు లేదు.”

“మాట్లాడితే ఏమవుతాది సార్?” అని నా భార్య అడిగింది.

“బతికినన్నాళ్లు ఇట్లనే నోరాడిస్తా ఉంటాడు.”

గొంతు పోతే పంతులు ఉద్యోగం పోతుంది. ఆ సంగతి నా భార్యకు దిగులు. తిరుగు ప్రయాణంలో నన్ను తొలిచింది మాత్రం వేరే. మాట్లాడలేని నేను దేవునికి ఎందుకు? ఆయన నన్ను దగ్గర ఉంచుకోవడానికి ఇంకేం కారణం మిగిలింది? ఎంత తర్కించినా నాకు ఒక్క కారణమూ దొరకలేదు. బస్సు కిటికీలోంచి కోసేసిన జొన్నచేలను చూస్తూ, కక్షిదారు వదిలేసిన వకీలులా కూర్చున్నాను.

మరుసటి బుధవారం నుంచి శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజులూ మా పల్లెలో రోజుకొక ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. దీపాలు పెట్టే వేళకు అందరూ ఆ ఇంటి ముంగిట చాపలమీద కూర్చుంటారు. పాట, వాక్యం, ఆ తర్వాత ‘వంతు’. గుండ్రంగా కూర్చున్నవారిలో ప్రతి ఒక్కరూ ఆ రోజు దేవుడు తమకు చేసిన మేలు ఒకటి చెప్పాలి. ఎవరి వంతునూ దాటవేయకూడదు. పాలుతాగే బిడ్డలకూ, మాటపడిపోయిన ముసలివాళ్లకూ కూడా వంతు ఉంటుంది. వాళ్ల తరఫున పక్కన కూర్చున్నవాళ్లు చెప్తారు. అంతా అయ్యాక బొరుగులు, వేయించిన చెనిక్కాయలు పంచుతారు. అంతకుముందు రెండేళ్లూ ఆ ముంగిళ్లలో వాక్యం చెప్పింది నేనే. మిగతావాళ్ల వంతులు నాకు కాస్త విసుగ్గా ఉండేవి. మేక ఈనిందనీ, పంటినొప్పి తగ్గిందనీ చెప్పేవారు. ఇందులో దైవం ప్రమేయానికి రుజువేమిటని నాలో నేను అడ్డప్రశ్న వేసుకునేవాణ్ణి.

ఈసారి నా చేతికి నా భార్య ఒక పలక, బలపం ఇచ్చింది. చిక్కేమిటంటే అక్కడ చదవగలిగినవాళ్లు నలుగురైదుగురే. వాళ్లలో ఒకరు బైబిలవ్వ. పడుచుతనంలోనే భర్త పోతే మిషను వాళ్ల దగ్గర అక్షరాలు నేర్చుకుని, భుజాన సంచితో ముప్పై ఏళ్లు పల్లెలు తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఊళ్లో పిన్నా పెద్దా అందరూ ఆమెను బైబిలవ్వ అనే పిలిచేవారు. మొదటిరోజే వచ్చి నా పక్కన కూర్చుంది. నా పలక చదివే అధికారం తనదేనని తానే ప్రకటించుకుంది. నేను దేవుడి వకీలునైనట్టే, ఆమె నాకు దుబాసీ అయింది.

ఆ సాయంత్రం ఇంటి యజమాని నా గొంతు చూసి జాలిపడ్డాడు.

“సారూ, గొంతు వస్తే మన గుడికి పుంజును ఇస్తానని మొక్కుకోండి. మా తమ్మునికి కాలు అట్లనే వచ్చె.”

నా ఒళ్లు మండింది. మొక్కుబడుల మీద నేను చెప్పిన ఉపన్యాసాలన్నీ ఈయన విన్నవాడే. పలకమీద గబగబా రాశాను: ‘దేవునికి లంచం పెట్టడం మూఢత్వం. గొంతు వస్తే వైద్యం వల్ల వస్తుంది.’ పలకను ఎత్తి చూపించాను.

అవ్వ కళ్లద్దాలు సవరించుకుని, తీరిగ్గా చదివినట్టు నటించి, అందరికీ వినబడేటట్టు చెప్పింది. “పుంజు వద్దంట. దాన్ని మీరే కోసుకొని కూర చేసుకొని తినమంటాండాడు.”

“సారు మనసు మంచిది!” అన్నాడు ఇంటాయన సంబరంగా.

నేను తుడిచి మళ్లీ రాశాను: ‘అది కాదు నేను రాసింది!’

“కూర సారింటికి కూడా కొంచెం పంపమంటాండాడు,” అంది అవ్వ.

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాడు నిజంగానే మా ఇంటికి గిన్నెడు కోడికూర వచ్చింది.

అప్పటి నుంచి ప్రతిరోజూ ఇదే వరస. నా బదులు వాక్యం చెప్పే కుర్ర ఉపదేశి తప్పులు చెప్తే, నేను అధ్యాయమూ వచనమూ వేసి మరీ ఖండించేవాణ్ణి. అవ్వ చదివేది, “నీ వాక్యం శానా బాగుందంటాండాడు నాయనా.” కుర్రవాడు రోజురోజుకూ ధైర్యంగా మాట్లాడసాగాడు. ఇంటికొచ్చి నా భార్యకు రాసి చూపించాను: ‘ఆమె అబద్ధాలు చదువుతోంది.’

“మీరు మూడేండ్లుగా నిజాలు చెప్తాండారు. ఎవురైనా మీకు కోడికూర పంపినారా?” అని పడుకుంది.

ఇక నా వంతు. నా తరఫున అదీ అవ్వే చెప్పేది. ఆ వరసలో నాకంటే ముందు ఒక చంటిపిల్ల, తర్వాత నేను. తల్లి, “దేవా, ఈ పొద్దు నా బిడ్డకు విరేచనాలు కట్టినాయి, నీకు స్తోత్రం,” అనేది. వెంటనే అవ్వ నా భుజంమీద చెయ్యివేసి, “దేవా, ఈ పొద్దు మా సారు రెండు రొట్టెలు తిన్న్యాడు, నీకు స్తోత్రం,” అనేది. మరోరోజు, “పొద్దున ముఖం కొంచెం తేటగుండె.” ఇంకోరోజు, “ఈ పొద్దు ఎవురితోనూ కొట్లాడలేదు.” అందరూ ఆమేన్ అనేవారు. కడపలో సభలు కదిలించిన నేను, విరేచనాలు కట్టిన పిల్ల పక్కన, రొట్టెలు తిన్నందుకు ఆమేన్ అనిపించుకుంటున్నాను!

మూడో వారంలో నా ఓర్పు తెగింది. ఆ సాయంత్రం నా వంతు రాకముందే పలకమీద పెద్ద అక్షరాలతో రాసి అవ్వ ఒడిలో పెట్టాను: ‘తిన్నదీ తాగిందీ చెప్పవద్దు. ఈ రోజు నేను దేవునికోసం ఏమీ చేయలేకపోయాను. చెప్పడానికి ఏమీ లేదు. నా వంతు వదిలేయండి.’

ఈసారి ఆమె నిజంగానే చదివింది. రెండుసార్లు చదివింది. పలకను బోర్లా పెట్టి కళ్లు మూసుకుంది.

“దేవా, ఈయప్ప చెప్పేది నిజమే. ఇప్పుడు ఈయప్ప దేనికీ పనికిరాడు. పాఠం చెప్పలేడు, వాక్యం చెప్పలేడు, నీ పక్కన నిలబడి నిన్ను గెలిపించలేడు. నీళ్లు తోడమంటే చేద బాయిలో పడేస్తాడు. ఐనా పొద్దున నేను వాళ్లింటికి పోయేటప్పటికి నువ్వు నాకంటే ముందే ఆడికి వచ్చి ఉండావు. ఈయప్ప పలక తుడుచుకుంటా కూర్చోనుండె. నువ్వు ఊరికే చూస్తా కూర్చోనుండావు. నాకు శానా సంతోషమాయె. ఆమేన్.”

చేద సంగతికి అందరూ నవ్వారు. నేను లేచి, బొరుగులు కూడా తీసుకోకుండా వచ్చేశాను.

కోపం తగ్గడానికి రెండురోజులు పట్టింది. కోపం తగ్గాక తర్కం మిగిలింది. మూడోరోజు పొద్దున్నే ఊరి బయట కల్లం గట్టుమీద కూర్చుని అవ్వ మాటలను, ఎదుటిపక్షం వాదన పరిశీలించినట్టే పరిశీలించాను. ఈయప్ప దేనికీ పనికిరాడు. దీన్ని ఖండించడానికి నా దగ్గర ఆధారం లేదు. చేద బావిలో పడేసిన మాటా వాస్తవమే. అయినా దేవుడు వచ్చి కూర్చున్నాడు. ఇది రుజువు కాని మాట, సరే. కానీ నేను నమ్ముతానని చెప్పే దేవుడు ప్రేమ అయితే, ఆయన అలా కాక ఇంకెలా చేస్తాడు? పనికొచ్చేవాళ్ల దగ్గర మాత్రమే కూర్చునేవాణ్ణి మనం యజమాని అంటాం, తండ్రి అనం. ఈ మాట నేను ఇతరులకు పదిసార్లు చెప్పి ఉంటాను, చాలా చక్కగా చెప్పి ఉంటాను. నాకు వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ తోచలేదు.

అంతకంటే గట్టి దెబ్బ ఇంకొకటి తగిలింది. పుంజును మొక్కుకోమన్నాయన్ను నేను మూఢుడన్నాను. మరి నేను చేస్తున్నదేమిటి? ఆయన కోడి ఇస్తాడు, నేను ఉపన్యాసం ఇస్తాను. ఆయన ఏడాదికొకటి ఇస్తాడు, నేను వారానికి మూడు. రెండూ దేవుణ్ణి మనవైపు తిప్పుకోవడానికే. ఆయన పుంజుకైతే కూతైనా ఉంది, నాకు అదీ లేదు. చప్పుడు కాకుండా నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

అయితే తెలిసినంత మాత్రాన గర్వం పోదు. ఆ వారమే నా మిత్రుడు మోటారుసైకిలు మీద దిగాడు.

“ఏమప్పా, నీ దేవుడు నీ నోరే మూయించినాడంటనే! నేను చెయ్యాల్సిన పని ఆయనే చేసినాడే!”

నేను పలక తీశాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగప్పా, ముందు విను. మిల్లు వాళ్లు తేదీ మార్చినారు. వచ్చే శనివారమే సభ. ఆ తర్వాత ఆవరణ ఖాళీ ఉండదంట. నీకు ఇంకా పదిదినాలు మాట వద్దు గదా? వద్దని చెప్పేస్తా. పోతే పోనీలే.”

అతను మంచిగానే అన్నాడు. ఆ మంచితనమే నాకు గుచ్చుకుంది. ‘వస్తాను’ అని రాశాను.

“మాట్లాడతావా?”

‘చూస్తావుగా.’

అతను వెళ్లాక నా భార్య చాట ముందేసుకుని కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా అంది: “పొండి. పోయి గెలిచి రండి. ఆ మీద జీవితమంతా మీరు ఏమంటాండారో నేను పలకలు చదువుకుంటా కూర్చుంటా. దేవుడు గెలిచినందుకు సంబరపడతాడేమో గాని, నేను పడను.”

శనివారం మధ్యాహ్నం డోన్ మిల్లు ఆవరణ నిండిపోయింది. రైల్వే పనివాళ్లు, బడి పంతుళ్లు, బండ్లు తోలేవాళ్లు, మా రెండు ఊళ్ల జనం. ఇటువంటి సభ చూస్తే నాకు నెత్తురు ఉరకలు వేసేది. మిత్రుడు గంటసేపు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. అతని వాదనలో మూడు చోట్ల కన్నాలున్నాయి. ప్రతి కన్నంలోనూ బండి తోలవచ్చు. నా వేళ్లు బల్లమీద వాటిని లెక్కపెడుతూనే ఉన్నాయి. అధ్యక్షుడు నన్ను పిలిచాడు. నేను లేచాను.

మాట్లాడి ఉండేవాణ్ణే. డాక్టరు మాటా, భార్య మాటా ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. నోరు తెరవబోతూ, అలవాటు ప్రకారం నాకు నేనే ఒక అడ్డప్రశ్న వేసుకున్నాను: ఇప్పుడు ఇక్కడ ప్రమాదంలో ఉన్నది ఎవరు? డోన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం చేతులెత్తించి లెక్కపెడితే ఓడిపోయే దేవుడైతే, ఆయనకు నేను వకీలుగా ఉండి ప్రయోజనమేమిటి? ఓడిపోనివాడైతే, ఆయనకు వకీలు ఎందుకు? ప్రమాదంలో ఉన్నది నా పేరు, అంతే. ఆ పేరుకోసం నా గొంతును, ఒక ఇల్లాలి నిద్రను బలి పెట్టబోతున్నాను. బలులు వద్దని ఇన్నేళ్లు అరిచినవాణ్ణి.

సభకు నమస్కారం చేశాను. కూర్చున్నాను.

ఒక్క నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత వెనకనుంచి ఒక కేక వచ్చింది: “ఏమప్పా, మీ దేవుడు సెలవు పెట్టినాడా?” జనం గొల్లుమన్నారు. ఇంకొకడు, “అర్జీ పలకమీద రాసి పంపినాడంట!” అన్నాడు. నేనూ పొట్ట నొప్పి పుట్టేదాకా నవ్వాను, డాక్టరు చెప్పినట్టు చప్పుడు లేకుండానే. అధ్యక్షుడు నా మిత్రుడు గెలిచినట్టు ప్రకటించాడు. మెడలో పూలదండ పడింది. గెలిచినవాడి ముఖంలో మాత్రం కళ లేదు. ఎదురులేని కుస్తీలో నెగ్గిన పహిల్వానులా అటూ ఇటూ చూశాడు.

గొంతు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నలభై రోజులు పూర్తయ్యాక కర్నూలు డాక్టరు చూసి, కాయలు కరిగాయన్నాడు. కొంచెం బొంగురుతనం మిగిలింది, ఇప్పటికీ ఉంది. దీన్ని ఎవరైనా అద్భుతం అంటే నేను ఒప్పుకోను. గొంతుకు పని చెప్పకపోతే కాయలు కరుగుతాయి, అంతే. తాయెత్తులవాళ్లతోనూ జ్యోతిష్కులతోనూ నా తగవు ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు దాన్ని చెడుగుడు ఆటలాగా ఆడతాను, ఆడి ఇంటికొస్తాను. అంతకుముందు అది నాకు ఆట కాదు, ఉరిశిక్ష తప్పించుకోవడం.

సభ జరిగిన ఆ సాయంత్రం డోన్ నుంచి ఆలూరుకు బస్సు ఎక్కాం. మిత్రుని మోటారుసైకిలు చెడిపోయింది, అందుకని అతనూ నాతోనే. ఇద్దరం ఒకే సీటులో. దండ ఒడిలో పెట్టుకుని అతను గొణుగుతూనే ఉన్నాడు: “నువ్వు ఏమనేవాడివో నాకు తెల్దు గదప్పా. మూడుచోట్ల నాకే అనుమానం ఉండె. ఆ రెండోదానికి నీ జవాబు ఏంది? సైగనైనా చెయ్.” నేను కిటికీకి తల ఆనించాను. పత్తికొండ దారిలో ఎర్రని ఎండ వాలుతోంది. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

ఆలూరులో బస్సు ఆగాక అతను నన్ను కుదిపి లేపాడు. నా తల అతని భుజంమీద ఉంది. అతని చొక్కామీద నా చొంగ మరక ఉంది. పూలదండ మా ఇద్దరి మధ్య నలిగిపోయి ఉంది.

“పత్తికొండ కాడినుంచి నిద్రపోయినావప్పా,” అన్నాడు భుజం రుద్దుకుంటూ. “చెయ్యి తిమ్మిరెక్కింది, నేను కదల్లేదు. బస్సు రెండుసార్లు గుంతలో పడె, నువ్వు కండ్లు తెరవలేదు. యాడన్నా ఓడిపోయినోడు ఇట్ల నిద్రపోతాడా?”

నేను పలక తియ్యలేదు. అతని చేతిని కాసేపు పిసికి, తిమ్మిరి వదిలేదాకా అక్కడే నిలబడ్డాను.